క్రాసింగు సీజన్ల ఒక ఫోటో

కర్నూలు నుంచి అద్దెకు తెచ్చిన డ్రెస్సు ఒక్కటే.
ఆడేటోళ్లు ఏడుగురు.
హేమలత టీచరు లెక్క చెప్పింది:
"దసరాకు అలంపురంల ప్రోగ్రాము నాటికి
మిగిలిన ఆరు వస్తయి.
ఫ్లెక్సీల ఫోటోలకు మాత్రం ఇయ్యాల్నే ఆఖరు."

అయిజ బస్టాండు ఎనకాల మా స్టూడియో.
లోపలి గదిల టీచరు
ఒకరి తర్వాత ఒకరికి కట్టి పంపింది:
అదే ఆకుపచ్చ పట్టు, అదే ఎర్ర విసనకర్ర,
అదే వడ్డాణం.
బొద్దుగున్న జములమ్మకు ఆఖరి కొక్కెం,
సన్నగున్న మహాదేవికి బట్టల క్లిప్పులు ఎనిమిది.
ఎనక నుంచి చూస్తే దండెం మీద ఆరేసిన పిల్ల,
ముందు నుంచి చూస్తే నర్తకి.
కెమెరా ఎప్పుడూ ముందరే ఉంటది, దానికేం తెలుసు.

ముప్పై ఏండ్లాయె నాకు ఈ పని.
పింఛను ఫోటోలు, హాల్ టికెట్ ఫోటోలు,
పెండ్లిచూపులకు పంపే నిలువెత్తులు,
చచ్చినోళ్లకు దండ వేసేటందుకు పెద్దవి.
అందరికీ ఒక్క మాటే: గదవ దించు, కన్ను ఎత్తు.
ఈ పిల్లలకు చెప్పబోతే
అంతకు ముందే ఎత్తిన్రు.
కాటుక చెవి దాకా లాగిన కండ్లు
నన్ను దాటి, లైటు గొడుగును దాటి
గోడ అవతల ఎవర్నో చూసినయి.
"ఎవర్ని చూస్తున్నవే అట్ల?" అంటే
"ఎవర్ని లేదు సార్,
టీచరే అట్ల చూడమన్నది."

ఏడో పిల్ల ఉరుకుందమ్మ.
ఆమె దాకా వచ్చేసరికి
పట్టు ఆరుగురి చెమటతో బరువెక్కింది,
పూలజడ ఒక దిక్కు ఒరిగింది,
పాపిటబిళ్ల ముత్యం ఊడి
నా బల్ల కిందికి దొర్లింది. ఇప్పటికీ దొరకలే.
పొద్దుగాల చేనుకు పోయి వచ్చిందట.
పత్తి విత్తనం చేను. క్రాసింగు.
పద్నాలుగేండ్లకే
ఆడ మొక్క ఏదో మగ మొక్క ఏదో
గట్టు మీద నిలబడే చెప్తది.

"హంసాస్యం పట్టు" అన్నది టీచరు.
బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిసినయి,
మిగిలిన మూడు విచ్చుకున్నయి.
అంతకు ముందు ఆరుగురూ పట్టిన్రు ఆ ముద్ర.
ఈ పిల్ల వేండ్ల నడుమ మాత్రం
ఏదో ఉన్నట్టే ఉంది,
నలిగితే పాడైపోయేదేదో.
"మస్తు కుదిరిందే!"
"ఇది క్రాసింగే కద టీచర్.
మగ పువ్వు ఇట్లనే పట్టుకోవాలె,
గట్టిగ పడితే మేస్త్రి తిడ్తడు."
అని నవ్వింది.
అప్పుడే నొక్కిన.

రాత్రి కంప్యూటరు ముందర కూసున్న.
మొటిమలు తుడిచిన,
చెమట మెరుపు తగ్గించిన,
ఒరిగిన జడను నిలబెట్టిన.
బొమ్మ పెద్దగ చేసుకుంట, చేసుకుంట
వేండ్ల కాడికి వచ్చిన.
పారాణి పూసిన కొసలు,
గోర్ల కింద పుప్పొడి పసుపు,
మొగ్గలు గిల్లి గిల్లి
బొటనవేలి పక్క చీలిన తోలు.
మౌసు మీద వేలు ఆగింది.
ఇది ఉండనీ అనుకున్న.
ఉంచిన.
ఏదో గొప్ప పని చేసినోని లెక్క
బస్టాండు దాకా నడిచిపోయి టీ తాగొచ్చిన.

ఐదో రోజు తల్లి వచ్చింది, బిడ్డను ఎంటేసుకొని.
ఫోటోను కొంగుతో తుడిచింది, దుమ్మే లేదు దాని మీద.
చానాసేపు చూసి
"అమ్మోరి లెక్కుంది నా బిడ్డ" అన్నది.
మళ్లా చూసి
"గోర్లు కడిగియ్యకపోతివా సారూ?
గుడికాడ కడ్తరంట, ఊరంత చూస్తది."

నా కాడ జవాబు ఉండాల్సింది.
మనసుల రెండు రోజులు తయారు చేసుకున్న కూడ.
కూసున్న. కడిగిన.
పది నిమిషాల పని.
గోర్లు గవ్వల లెక్క తెల్లగైనయి.
వద్దన్నా వినకుండ
ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టింది.

పాత బొమ్మ తెర మీద ఓ మూలకు ఉండిపోయింది.
పోతూ పోతూ ఉరుకుందమ్మ దాన్ని చూసింది,
తన చెయ్యి చూసుకున్నది,
మళ్లా తెర.
"ఇంక నెల దినాలుంది సార్ సీజను"
అని, చెప్పులేసుకొని
తల్లి ఎనకాల ఉరికింది.